నూట నాలుగు మోకాళ్ళ లెక్క

(సికింద్రాబాదు, జూన్ 2009. ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జిగా పనిచేసిన సిస్టర్ ప్రేమమణి తన పదవీ విరమణ సభలో మాట్లాడిన మాటలు.)

సభకు పెద్దగా కూర్చున్న మా డాక్టర్ మధుసూదన్ గారికి, నా గురించి నాకే తెలియని సంగతులు ఇరవై నిమిషాలపాటు చదివి వినిపించిన ట్రస్టు కార్యదర్శి సామ్యూల్ గారికి, ఎదురుగా కూర్చున్న పెద్దలకు, ఇన్నేళ్ళూ నా చేత తిట్లు తిన్న సిస్టర్లకు, వాళ్ళకంటే ఎక్కువ తిన్న జూనియర్ డాక్టర్లకు, డ్యూటీ వదిలేసి వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ థియేటర్ వాళ్ళకు, మీలో ఎవరు ఈ టైముకి ఎక్కడ ఉండాలో నాకు బాగా తెలుసు, ఈ ఒక్క సాయంత్రానికి చూడనట్టే ఉంటాను, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ముందుగా ఈ శాలువా తీసి కుర్చీ మీద పెడుతున్నాను. ఎవరూ ఏమీ అనుకోవద్దు. ముప్పై ఎనిమిదేళ్ళు చల్లటి థియేటర్లో బతికిన మనిషికి జూన్ నెలలో ఉన్ని శాలువా కప్పడమంటే సన్మానమో శిక్షో తెలియడం లేదు. సామ్యూల్ గారూ, శాలువా బాగుంది, నిజంగానే బాగుంది, డిసెంబరులో కప్పుకుంటాను.

రిటైరయ్యే రోజున అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మా రోజీ సిస్టరైతే ఇందాక నాకు రెండు చేతి రుమాళ్ళు తెచ్చిచ్చింది, ముందే సిద్ధంగా ఉండమని. అమ్మా, నీ రుమాళ్ళు నువ్వే ఉంచుకో. నాకు హాయిగా ఉంది. రేపు పొద్దున లేచి చేతులు ఒక్కసారే కడుక్కుంటాను, అదీ సబ్బు ఏదుంటే దానితో. ఎవరి గోళ్ళు పెరిగాయో చూడను. ఎవరి మాస్కు ముక్కు కిందికి జారిందో నాకు అనవసరం. పెళ్ళికి వెళితే పెళ్ళికూతురి చేతి గాజుల కింద క్రిములు ఎన్ని ఉంటాయా అని ఆలోచించకుండా అక్షింతలు వేసి భోజనం చేసి వస్తాను. ఇవన్నీ మీకు చిన్న సుఖాలు. నాకు కాదు.

నేను నరసాపురం పక్క నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఇక్కడికి ట్రైనింగుకి వచ్చాను. మా నాన్న బడిపంతులు, నేను పుట్టకముందే పోయాడు. మా అమ్మ రోసమ్మ మిషను బళ్ళో వంట చేసి నన్ను చదివించింది. వచ్చిన మొదటి నెల నాకు ఇక్కడి మాట అర్థమయ్యేది కాదు. ‘సిస్టరమ్మా, జెర పరేషాన్ ఉన్నది’ అంటే ఏ అవయవానికి జబ్బు చేసిందోనని చూసేదాన్ని. (నవ్వులు) నవ్వకండి, ఆ ‘పరేషాన్’ కోసం నేను ఒకాయన పొట్ట నొక్కి చూశాను కూడా. ఆయన కొడుకు దొరకడం లేదని చెప్పడానికి వచ్చాడు పాపం.

సరే. మోకాళ్ళ సంగతికి వస్తాను. ఇందాక మాట్లాడిన ముగ్గురూ ఆ మోకాళ్ళ గురించే మాట్లాడారు కాబట్టి నేనూ మాట్లాడక తప్పదు. పైగా, వాళ్ళు చెప్పినదాన్ని సరిచేయవలసిన పని ఒకటి నా మీద ఉంది. అది చేసేదాకా ఈ మైకు వదలను.

తొంభై మూడులో డాక్టరుగారు మోకాలు మార్చే ఆపరేషన్లు మన ఆసుపత్రిలో మొదలుపెట్టారు. అప్పటికి మనలో చాలామందికి అరిగిపోయిన మోకాలు తీసి లోహపు మోకాలు పెడతారంటేనే నమ్మకం లేదు. డాక్టరుగారికి ఆపరేషన్ చేయడం మీద కంటే దాని తరువాత వచ్చే చీము మీద ఎక్కువ పట్టుదల. కొత్తగా చేరిన నర్సింగు పిల్లలు ఇక్కడున్నారు, వాళ్ళ కోసం చెబుతాను. మామూలు పుండులో క్రిమి చేరితే మందుతో చస్తుంది. లోపల లోహం ఉన్నచోట చేరితే మాత్రం ఆ లోహాన్ని పట్టుకుని బిచాణా వేస్తుంది. రక్తం అందని చోటు, మందు వెళ్ళని చోటు. ఆపరేషన్ ఎంత బాగా చేసినా, ఒక్క క్రిమి లోపలికి వెళితే ఆ కీలు తీసేయాలి, ఒక్కోసారి కాలే పోతుంది. అందుకని డాక్టరుగారు అప్పుడే పరిశోధన మొదలుపెట్టారు: ఏ జాగ్రత్త వల్ల చీము ఎంత తగ్గుతుంది అని. కోత పెట్టడానికి అరగంట ముందే మందు ఎక్కించాలి. థియేటర్లో మనుషులు తక్కువ ఉండాలి. తలుపు తెరుచుకోకూడదు.

ఆ తలుపుకి కాపలా నేను. మొదటి ఆపరేషన్ రోజు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ పలక మీద గీత గీశాను. రెండు గంటల్లో అరవై ఒక్క గీతలు! ఒకరు కత్తెర కోసం, ఒకరు టైము అడగడానికి, ఒకాయన ఎవరున్నారో చూసి పోదామని. ఆర్నెల్లలో దాన్ని తొమ్మిదికి దించాను, ఎలా దించానో ఇక్కడున్న చాలామందికి తెలుసు, ఇంకా మర్చిపోలేదు. ఒకరోజు ఒకాయన కొంతమంది అతిథులను వెంటబెట్టుకుని, వాళ్ళకి కొత్త మిషను చూపిద్దామని తలుపు తోశారు. ‘బయటికి నడవండి’ అన్నాను. ‘నేను కార్యదర్శినమ్మా’ అన్నారు. ‘కార్యదర్శిగారి మీద కూడా క్రిములు ఉంటాయండీ’ అన్నాను. (పెద్దగా నవ్వులు) సామ్యూల్ గారూ, మీరు ఆ రోజు నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఆ ఉపకారానికి ఈరోజు కృతజ్ఞతలు చెబుతున్నాను.

ఆ పరిశోధనకు ఒక రిజిస్టర్ ఉండేది. ప్రతి మోకాలికీ ఒక వరస: పేరు, ఊరు, ఆపరేషన్ తేదీ, ఇంటికి వెళ్ళాక ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల, సంవత్సరం. ప్రతి గడిలో ‘చీము ఉంది’ అనో ‘చీము లేదు’ అనో రాయాలి. రాసేది నేను. రోగులందరూ అన్నిసార్లూ రాలేరు కదా, అందుకని డాక్టరుగారు తిరుగు కార్డులు అచ్చు వేయించారు. వాపు ఉందా, నొప్పి ఉందా, చీము కారుతోందా, రాసి పోస్టు డబ్బాలో వేస్తే చాలు.

మన జనం ఉత్తరం ఎలా రాస్తారో మీకు చెప్పాలా? ‘ఇక్కడ అందరం క్షేమం, మీ క్షేమం కోరుతున్నాము’ అని మొదలుపెట్టకపోతే అది ఉత్తరమే కాదు. ఇంట్లో మనిషి మంచం పట్టినా మొదటి వాక్యం క్షేమమే. మా కార్డులూ అలాగే వచ్చేవి. అచ్చువేసిన ప్రశ్నలు అలాగే ఉండేవి, వాటి మీద అడ్డంగా ‘మీ దయవల్ల మేమందరం క్షేమం, డాక్టరుగారికి మా నమస్కారాలు’ అని ఉండేది. ఒకావిడ కార్డులో చివర్న, చోటు లేక వంకరగా, ‘కొద్దిగా నీరు కారుతున్నది, పరవాలేదు, పిల్లల పరీక్షలు బాగా జరిగినవి’ అని రాయించింది. నేను పిల్లల పరీక్షల సంగతి చదివి సంతోషించి ‘చీము లేదు’ అని రాశాను. పరవాలేదన్నారు కదా!

తొంభై ఆరు జూలై ఆఖరుకి నూట నాలుగు మోకాళ్ళు. డాక్టరుగారు రోజూ థియేటర్లోకి వస్తూనే ‘ప్రేమా, స్కోరెంత?’ అని అడిగేవారు. ‘నూట నాలుగుకి సున్నా సార్’ అనేదాన్ని. అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. సెప్టెంబరులో పెద్ద సభ, దేశం నలుమూలల నుంచీ ఎముకల డాక్టర్లు వస్తారు, అక్కడ డాక్టరుగారు ఈ లెక్క చదువుతారు. నాకు గర్వంగా ఉండేది. తప్పేముంది? ఆ సున్నాలో సగం నాదే అనుకునేదాన్ని.

ఇక్కడి దాకా ఇందాకటి వక్తలు చెప్పిందీ నేను చెప్పిందీ ఒకటే. తరువాత ఏమైందని వాళ్ళు చెప్పారు? లెక్కలో తప్పు ఉందని సిస్టర్ ప్రేమమణి కనిపెట్టిందనీ, భయపడకుండా రిజిస్టర్ తెచ్చి డాక్టరుగారి బల్ల మీద పెట్టిందనీ, డాక్టరుగారు గొప్ప మనసుతో తన పరిశోధనను వెనక్కి తీసుకున్నారనీ చెప్పారు. మరుసటి సంవత్సరం నర్సుల దినోత్సవానికి నాకు బహుమతి కూడా ఇచ్చారు. ఈరోజు ఈ జ్ఞాపిక మీద ‘సత్యనిష్ఠకు’ అని చెక్కించారు.

అదంతా అబద్ధం. రిజిస్టర్ బల్ల మీద పెట్టిన మాట నిజమే. పెట్టమన్నాక పెట్టాను.

(సభలో కలకలం)

డాక్టరుగారూ, మీరు తల అడ్డంగా ఊపకండి. ముప్పై ఎనిమిదేళ్ళు మీరు ఊపిన వైపు నేను ఊపాను. ఇవాళ సాయంత్రం ఐదింటితో నేను మీ స్టాఫుని కాదు. (నవ్వులు)

ఆ తొంభై ఆరు మే నెలలో, తొమ్మిదో తారీఖున, మా అమ్మకు మోకాలు మార్చారు. డాక్టరుగారే చేశారు, నేనే పక్కన నిలబడ్డాను. బాగా జరిగింది. పదిహేను రోజులకి ఏ.ఎస్. రావు నగర్‌లో మేము అద్దెకున్న ఇంటికి తీసుకువెళ్ళాను. జూన్ మొదటి వారంలో కుట్టు దగ్గర ఎర్రబడింది. తరువాత తడి. తరువాత చీము. ఇరవై అయిదేళ్ళ సర్వీసు ఉన్న థియేటర్ సిస్టర్‌ని, దాన్ని చూసి చీము అని గుర్తుపట్టలేనా? చూసిన నిమిషంలో తెలిసింది.

తెలిసీ రిజిస్టర్‌లో మా అమ్మ పేరు ఎదురుగా ఒకటో నెల గడిలో ‘చీము లేదు’ అని రాశాను. నా చేత్తో, నీలం ఇంకుతో, ఎప్పటి కంటే గుండ్రంగా రాశాను.

ఎందుకంటే సెప్టెంబరులో సభ ఉంది. ఎందుకంటే ఆ సున్నా పోతే మా అమ్మ వల్ల పోతుంది. ఊరందరి గోళ్ళూ వెతికే ప్రేమమణి సొంత తల్లికే చీము పట్టిందంటే వీళ్ళందరూ ఏమంటారు? ఇవే నా కారణాలు. ఇంతకంటే గొప్పవి లేవు. చాలా ఏళ్ళు డాక్టరుగారి పేరు కాపాడటానికి చేశానని నాకు నేను చెప్పుకున్నాను, అదీ అబద్ధమే. నా పేరు కోసం చేశాను.

రోజుకి రెండుసార్లు ఇంట్లోనే కట్టు కట్టేదాన్ని. మందు బిళ్ళలు తెచ్చి వేసేదాన్ని. అవి వేసినన్నాళ్ళు తగ్గినట్టు ఉండి మళ్ళీ కారేది. అమ్మ చీర కుచ్చెళ్ళు కప్పుకుని చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేది, వాసన ఎవరికైనా తగులుతుందేమోనని. ‘డాక్టరుగారికి చెప్పవే’ అని జూన్‌లో అంది, జూలైలో అంది. ‘చెబుతా అమ్మా, సభ అయిపోనీ’ అన్నాను. సెప్టెంబరులో సభ అయింది, చప్పట్లు కొట్టారట. ఒక ముసలి ప్రొఫెసర్ మాత్రం లేచి, ‘సున్నా అంటున్నారు బాగానే ఉంది, ఆ మోకాళ్ళను కళ్ళతో చూసిందెవరు?’ అని అడిగారట. డాక్టరుగారు తిరిగి వచ్చి అది నాకు చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. సభ అయిపోయినా నేను చెప్పలేదు.

అక్టోబరులో ఒక సోమవారం అమ్మ నాకు చెప్పకుండా ఆటో ఎక్కి ఆసుపత్రికి వచ్చేసింది. అందరిలాగే చీటీ తీసుకుని లైన్లో కూర్చుంది. తన వంతు వచ్చాక లోపలికి వెళ్ళి, డాక్టరుగారి ముందు చీర మోకాలి దాకా లాగి, ఏమందో నాకు డాక్టరుగారే చెప్పారు.

‘అయ్యా, నా కూతురు మీ పరువు కాపాడతంది, బాగానే ఉంది. మరి నా కాలు ఎవరు కాపాడతారండీ?’

(మంచినీళ్ళు తాగి)

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ కీలు తీసేసి, ఆ ఖాళీలో మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, ఆరు వారాలు మంచంలో ఉంచి మళ్ళీ కొత్తది పెట్టారు డాక్టరుగారు. మొదటి వారంలోనే చెప్పి ఉంటే ఒక్కసారి తెరిచి కడిగితే సరిపోయేదేమో. అమ్మ తరువాత పదేళ్ళు తన కాళ్ళ మీద తాను నడిచింది. నన్ను ఒక్క మాట అనలేదు, నాకు అదే కష్టంగా ఉండేది. అనమని నేనే అడిగితే, ‘నేను డాక్టరుకి చెప్పేశాగా, ఇంకేముంది’ అనేది. ఆవిడకి అప్పుడే అయిపోయింది. నాకు అవలేదు.

ఆ సోమవారం డాక్టరుగారు నన్ను పిలిచి రిజిస్టర్ తెమ్మన్నారు. తెచ్చి బల్ల మీద పెట్టాను. సామ్యూల్ గారు విన్నది ఈ భాగమే. తిడతారనుకున్నాను. ఆయన అమ్మ పేరున్న పేజీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘రాసింది నువ్వు. కానీ ఒక్క మోకాలూ చూడకుండా కార్డులు చూసి లెక్క కట్టింది నేను. రేపటి నుంచి ప్రతి ఇంటికీ వెళ్ళు. అడగొద్దు, చూడు’ అన్నారు.

నేనూ, ఆపరేషన్ సామానుకి ఆవిరి పట్టి క్రిములు చంపే మన ఆటోక్లేవ్ మిషను చూసే తుకారామూ బయలుదేరాం. తుకారాం, ఎక్కడున్నావ్? అదిగో, ఎప్పటిలాగే తలుపు దగ్గర. సిటీ బస్సుల్లో తిరిగాం, మూడు వారాలు. సైనిక్‌పురిలో ఒక రిటైర్డు సుబేదారుగారు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, మోకాలు చూపించమంటే మాత్రం మాట మార్చారు. తుకారాం మొహమాటం లేకుండా ఆయన పైజామా పైకి లాగాడు. కట్టు ఉంది. ‘కార్డుల బాగుందని రాసిండ్రు కద సాబ్?’ అన్నాడు తుకారాం. ఆయన ‘ఏం జేస్తం భాయ్, డాక్టర్ సాబ్ మంచిగ చూసిండు. ఆయనకెందుకు తక్లీఫ్ అని రాయలే’ అన్నారు. అందరిదీ అదే మాట. చీము పోసుకుని కూర్చుని, డాక్టరు నొచ్చుకుంటాడని క్షేమమని రాశారు!

నూట నాలుగు మోకాళ్ళలో ఆరింటికి చీము. ఆరు తేదీలూ డాక్టరుగారి బల్ల మీద పరిచాం. అన్నీ ఏప్రిల్ నుంచి జూలై లోపు చేసినవే. ఆయనకి అంతు పట్టలేదు, నాకూ పట్టలేదు. తుకారాం వెనక నిలబడి ఆ తేదీలు చదువుకుంటూ చదువుకుంటూ, వెళ్ళి తన నోటుపుస్తకం తెచ్చాడు. ఆ వేసవిలో కరెంటు ఎలా పోయేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఆటోక్లేవ్‌లో సామాను ముప్పై నిమిషాలు ఆవిరిలో ఉండాలి. మధ్యలో కరెంటు పోతే తుకారాం టైము రాసుకునేవాడు. వచ్చాక మిగిలిన నిమిషాలు వేసేవాడు. పద్దెనిమిది ముందు, పన్నెండు తరువాత, మొత్తం ముప్పై. ఆవిరి తగిలిందని చూపే పొట్లం మీది పట్టీ కూడా రంగు మారేది, ఎవరికీ అనుమానం రాలేదు.

‘సార్, నేను ఒక్క నిమిషం సుత తక్కువ వెయ్యలే. చూడుండ్రి, అన్నీ రాసిన’ అన్నాడు.

నిజమే, ఒక్క నిమిషం తక్కువ లేదు. కానీ మధ్యలో వేడి పడిపోతే మళ్ళీ మొదటి నుంచి ముప్పై వేయాలి. అది వాడికి ఎవరూ చెప్పలేదు. ఇన్‌ఛార్జి సిస్టర్‌ని నేను, నేనూ చెప్పలేదు, ఎందుకంటే వాడు ఎలా చేస్తున్నాడో నేను ఏనాడూ అడగలేదు. తలుపు దగ్గర గీతలు గీయడంలో మునిగిపోయాను. తుకారాం అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. తన తప్పు అని కూడా తెలియక, తన పుస్తకం తనే తెచ్చి ఇచ్చిన మనిషి. ఈ జ్ఞాపిక ఎవరికి చెందుతుందో మీరే చెప్పండి. (చప్పట్లు) కొట్టండి, ఇంకా గట్టిగా కొట్టండి, అతనికి ఎప్పుడూ ఎవరూ కొట్టలేదు.

డాక్టరుగారు సెప్టెంబరులో ఆ సభ పెట్టిన ఎముకల డాక్టర్ల సంఘానికి ఉత్తరం రాశారు: నా లెక్క తప్పు, నూట నాలుగుకి సున్నా కాదు ఆరు, తప్పు నాది. నా పేరు రాయలేదు. నేను వెళ్ళి, నా పేరు కూడా రాయండి సార్ అని గట్టిగా అడగలేదు. మెల్లగా ఒకసారి అడిగాను, ఆయన వద్దన్నారు, నేను వెంటనే ఒప్పుకున్నాను. తరువాత నేనే కనిపెట్టానని ఎవరో అన్నారు, ఇంకెవరో రాశారు, బహుమతి వచ్చింది, నేను వెళ్ళి తీసుకున్నాను. పదమూడేళ్ళు.

ఇదొక్కటే అయితే పెద్ద కథ కాదు. ఒక నర్సు ఒక గడిలో ఒక అబద్ధం రాసింది, దిద్దుకుంది అనుకునేవాళ్ళు. కానీ ఆ ఆరుగురిలో నలుగురికి మా అమ్మ కంటే ముందే ఆపరేషన్ అయింది. అయిదో మనిషి మా అమ్మ. ఆరో ఆపరేషన్ జూలై ఇరవై రెండున జరిగింది. జూన్‌లో నేను ‘చీము ఉంది’ అని రాసి ఉంటే, డాక్టరుగారు ఆ రోజే థియేటర్ మూసేసి వెతికేవారు, ఆయన సంగతి నాకు తెలుసు. ఆ ఆరో మోకాలికి ఏమీ అయ్యేది కాదు.

ఆ ఆరో మనిషి కమలాబాయి గారు. రాంగోపాల్‌పేట్‌లో ఉంటారు, జాకెట్లు కుడతారు. ఇదిగో ముందు వరసలో కూర్చున్నారు. ఆ కుడికాలు అలా చాపి ఎందుకు ఉందో ఇందాక ఎవరో విసుక్కున్నారు కూడా, దారికి అడ్డమని. అది మడవదు. మూడుసార్లు తెరిచి కడిగారు, తగ్గలేదు. చివరికి కీలు తీసేసి ఎముకకి ఎముక అతికించారు. కాలు దక్కింది, వంగడం పోయింది. కాలితో తొక్కే కుట్టుమిషను మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. సంవత్సరం పైన పని లేక కూర్చున్నారు. తరువాత ఎడమకాలితో మోటారు మిషను నేర్చుకున్నారు.

ఆవిడ ఇంటికి నేను ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళేదాన్ని. కేకు తీసుకెళ్ళేదాన్ని, టీ తాగి వచ్చేదాన్ని. తప్పు కనిపెట్టిన సిస్టరమ్మ అని ఆవిడ నన్ను చుట్టుపక్కల అందరికీ చూపించేవారు. అక్కడ కూర్చున్నంతసేపూ నాకు ఒళ్ళంతా మంటగా ఉండేది.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళాను. చెప్పేశాను. అంతా, జూన్‌తో సహా. ఆవిడ మిషను ఆపి చాలాసేపు దారాలు కత్తిరిస్తూ కూర్చున్నారు. తరువాత అడిగారు.

‘జూన్ల నీకు ఎర్కేనా?’

‘తెలుసు.’

‘నా ఆపరేషన్ జూలైల.’

‘అవునమ్మా.’

‘పదమూడేండ్ల సంది నా ఇంటికొస్తున్నవ్, చాయ్ తాగుతున్నవ్. ఒక్కపారి సుత నోరు రాలేదా?’

రాలేదు అన్నాను. ‘పో’ అన్నారు. లేచి చెప్పులు వేసుకున్నాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి కేక వేశారు. ‘ఏందీ, గీ ఇంట్ల నాకొక్కదానికి చెప్పుకుంట పోతవా? గాడ నీకు శాలువ కప్పుతరంట గద. గాళ్ళందరి ముందల చెప్పు. నేనొచ్చి వింట.’

ఆ రాత్రి నేను పదమూడేళ్ళలో మొదటిసారి హాయిగా నిద్రపోయాను. ఆవిడ క్షమించలేదు, తెలుసు. కానీ నేను చేయవలసిన పని ఏమిటో ఒకరు చెప్పారు. ఆ పని చేయడం, ఇన్నేళ్ళూ దాచిపెట్టి మోయడం కంటే ఎన్నో రెట్లు తేలిక.

కొత్తగా నా కుర్చీలోకి వస్తున్న సిస్టర్‌కి ఒక్క మాట. ఆ తరువాత మన దగ్గర రెండు వేల ఆరు వందల పైన మోకాళ్ళు మార్చారు. ప్రతి మోకాలినీ, ఆపరేషన్‌తో సంబంధం లేని మనిషి ఒకరు కళ్ళతో చూసి రాస్తున్నారు. కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి ముప్పై. పదకొండు చోట్ల చీము వచ్చింది. పదకొండూ రాశాం. సున్నా మాకు ఎప్పుడూ రాలేదమ్మా, నీకూ రాదు. ఎప్పుడైనా సున్నా వస్తే సంతోషపడకు, బస్సెక్కి వెళ్ళి చూడు.

డాక్టరుగారూ, నా పేరు మీరు దాచారు. మీ మంచితనం మీద నాకు కోపం కూడా వచ్చేది, మీరు తిట్టి ఉంటే అప్పుడే తేలిపోయేది కదా అని. మీకు దండం. సామ్యూల్ గారూ, ఈ జ్ఞాపిక వెనక్కి ఇస్తే మీరు బాధపడతారు. తీసుకెళతాను, గోడకు మాత్రం తగిలించను. ఈ సాయంత్రాన్ని మీరు ఎంతో ప్రేమగా ఏర్పాటు చేశారు, దాన్ని నేను ఇలా చేశాను. ఏమీ అనుకోవద్దనను, అనుకోండి. నాకు మాత్రం గుండెల మీంచి బండ దించినట్టు ఉంది.

కమలాబాయి గారూ, అందరి ముందూ చెప్పాను. నేను వదిలేసింది ఏమైనా ఉంటే చెప్పండి, అదీ చెబుతాను.

(సభ అంతా ముందు వరస వైపు తిరిగింది. కమలాబాయి గారు లేవలేదు. కూర్చున్న చోటు నుంచే అన్నారు:)

‘జూన్ల ఎర్కే అని చెప్పినవ్. జూలైల నా కాలు అని చెప్పినవ్. ఏం ఇడిశిపెట్టలే.’

(పక్క కుర్చీలో ఉన్న తన సంచి తీసి కింద పెట్టారు.)

‘ఇగ దిగిరా, సిస్టరమ్మా. గీడ కూసో.’

...వస్తున్నానమ్మా.

ఇంతసేపు ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.